నాలుగో అధ్యాయంలో నర్సవ్వ

నేను ఒక పరిశోధన గ్రంథాన్ని. మూడువందల పన్నెండు పేజీలు, నల్లటి అట్ట. దాని మీద బంగారు రంగు అక్షరాల్లో కె. రఘోత్తంరావు అని ఉంటుంది. నన్ను రాసింది ఆయన కాదు.

రాసింది సువర్ణ. విశ్వవిద్యాలయం గేటు ఎదుట జిరాక్సు దుకాణంలో టైపు చేస్తుంది. ఒకప్పుడు ఆమె కూడా లోపల పరిశోధక విద్యార్థినే. బీడీలు చేసే ఆడవాళ్ళ కోసం రెండేళ్ళు ఊళ్ళు తిరిగి, వాళ్ళ మాటలు రాసుకుంది. భర్త మంచాన పడ్డాక చదువు ఆగిపోయింది, నోటు పుస్తకాలు మిగిలాయి. రఘోత్తంరావు కాలేజీ లెక్చరరు. ప్రమోషన్ రావాలంటే డాక్టరేటు ఉండాలి. డబ్బిచ్చి రాయించుకుంటూ, “ఇది తప్పేమో మేడం?” అని ఒకసారి అడిగాడు కూడా.

“మీకియ్యకపోతే చెదలకు పోతయి సార్,” అంది సువర్ణ.

ఇద్దరికీ ఆ మాట సరిపోయింది. నా మొదటి పేజీలో ‘ఇది నా స్వంత కృషి’ అని ఆమె టైపు చేసింది, ఆయన సంతకం పెట్టాడు. సిరా చల్లగా తగిలింది, అంతే.

వైవా రోజున సువర్ణ వచ్చి హాల్లో చివరి వరుసలో కూర్చుంది. బయటి నుంచి వచ్చిన ఆచార్యులు నన్ను తెరిచి, నాలుగో అధ్యాయంలోంచి పైకి చదివారు: “ఆకు కత్తిరిచ్చి కత్తిరిచ్చి నా వేలిముద్రలు అరిగినయ్ బిడ్డా. రేషన్ మిషిన్ల నా వేలు పడ్తలేదు.” కళ్ళజోడు తీసి, “ఈ నర్సవ్వను నేను చూడాలండీ. తీసుకెళ్తారా?” అని అడిగారు.

నర్సవ్వ సువర్ణ తల్లి. రఘోత్తంరావుకు ఆ సంగతి తెలియదు.

“పోయినేడే చనిపోయింది సార్,” అన్నాడు.

ఆచార్యులు తల వంచుకున్నారు. సువర్ణ లేస్తుందనుకున్నాను. లేవలేదు. తర్వాత చప్పట్లు మోగాయి.

బయట వరండాలో రఘోత్తంరావు నన్ను చంకలో పెట్టుకుని ఆమె దగ్గరికి వచ్చాడు. “నోటికొచ్చింది అనేసిన మేడం. ఆమె మీకు తెలుసా?”

“మా అమ్మ సార్. ఇంట్ల బీడీలు చేస్తున్నది.”

ఆయన చేయి వదులై నేను కొంచెం జారాను. “మరి అక్కడ చెప్పొద్దా?” అన్నాడు.

“చెప్తే, నువ్వెవరని అడిగేటోళ్ళు సార్.”

ఎవరో “డాక్టర్ గారూ!” అని పిలిచారు. ఆయన వెళ్ళాడు.

ఇప్పుడు గ్రంథాలయంలో ఉన్నాను. స్కాన్ చేసేశారు కాబట్టి ఎవరూ తెరవరు. రఘోత్తంరావు గారి దగ్గర ఇప్పుడు ఆరుగురు పరిశోధన చేస్తున్నారు. వాళ్ళలో ఇద్దరికి సువర్ణే రాసిపెడుతోందని మొన్న అల్మరా పక్కన నిలబడి ఎవరో చెప్పుకున్నారు. విన్నాను. నాకేమీ అనిపించలేదు.