కటింగ్ మాస్టర్ కునుకు

రాయదుర్గంలో బయ్యన్న జీన్స్ ప్యాంట్లు కుట్టించే షెడ్డు మీద, మేడగదిలో సరళ కంప్యూటర్ సెంటర్ నడుపుతాండేది. పొద్దున్నే గుడ్డ కవర్లు తీసి, దుమ్ము దులిపి, వచ్చినోళ్ళకు మొదటి పాఠం చెప్పేది.

"టీవీ మాదిరి ఉండేది మానిటర్. ఈ డబ్బా సీపీయూ, పనంతా చేసేది ఇదే. అక్షరాలు కొట్టేది కీబోర్డు. చేతి కింద జరిగేది మౌస్. దాన్ని కోడిపిల్లను పట్టుకున్నట్ల మెల్లగా పట్టుకోండి."

ఆ ఏడు కింది షెడ్డులో కటింగ్ మాస్టర్ రామాంజనేయులు కూడా వచ్చి చేరినాడు. బెంగళూరు వ్యాపారులు ప్యాంట్ల సైజులన్నీ కంప్యూటర్లో కొట్టి పంపమన్నారు.

"ఉగాదికల్లా నేర్చుకో రామాంజీ. లేకుంటే బళ్లారి నుంచి ఇంకో మాస్టర్ను పిలిపించుకోవాల్సొస్తాది" అని బయ్యన్న ఉన్నదున్నట్ల చెప్పేసినాడు.

రామాంజనేయులు కత్తెర పడితే గీటు తప్పేది కాదు. అయితే పుట్టినప్పటి నుంచి ఆయనకు ఒకటుండేది. కరెంటు పోయిందంటే, నిద్ర లేచినప్పటి నుంచి చూసింది, విన్నది అంతా మనసులోంచి తుడిచిపెట్టుకుపోయేది. ఆలోపల నిద్రపోయినాడంటే మాత్రం అంతవరకు జరిగింది నిలిచిపోయేది. ఊర్లో అదెవరికీ వింత కాదు, ఒకరికి చక్కెర రోగం ఉన్నట్ల ఈయనకు ఇది. కరెంటు పోగానే టీ అంగడి హనుమంతరాయుడు "నువ్వు టీ తాగితివి మాస్టర్" అని కేకేసి చెప్పేవాడు.

పాఠాల కాడ మాత్రం చిక్కొచ్చింది. ఆయన పొద్దున వచ్చి నేర్చుకునేవాడు, మధ్యాహ్నం కరెంటు పోయేది. మర్నాడు మౌస్ చూపించి "ఇదేంది మేడమ్?" అనేవాడు. తోటోళ్ళు ఉత్తరాలు కొట్టేదాకా పోయినా ఆయన మానిటర్ కాడే ఉన్నాడు. సరళకు విసుగు రాలేదు. మౌస్ జరిపితే తెరమీద బాణం జరిగేది చూసి ఆయన దినమూ కొత్తగా నవ్వేవాడు. ఆ నవ్వు కోసం ఆమె దినమూ కొత్తగా చెప్పేది.

ఒకనాడు అందరికీ ర్యామ్ గురించి చెప్తాండాది. "మనం కొట్టేదంతా ముందు ర్యామ్‌లో ఉంటాది. కరెంటు పోతే అదీ పోతాది. హార్డ్ డిస్క్‌లోకి చేరితేనే నిలుస్తాది. అందుకే పనంతా అయ్యేదాకా ఆగొద్దు, రోంత రోంతకూ సేవ్ చేసుకోండి."

చెప్తా చెప్తా ఆగి, రామాంజనేయులు దిక్కు చూసింది. "మాస్టర్, మీరు రాత్రిదాకా ఎందుకు ఆగాల? పాఠానికొక కునుకు తీయండి."

ఆపొద్దు నుంచి గది మూల జీన్స్ గుడ్డ తానుల మీద ఆయన పడక. ఒక పాఠం, ఒక కునుకు. పక్కనోళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్ళు. ఉగాది ముందే సైజులన్నీ తప్పు లేకుండా కొట్టి చూపిస్తే, బయ్యన్న "బళ్లారికి ఫోన్ చేయనులే" అని దిగిపోయినాడు.

పాఠాలు ముగిసినాయి. ఇంక ఆయన మెట్లెక్కి రాడనేసరికి సరళకు ఏమీ తోచలేదు. ఆఖరి దినం అందరూ పోయినాక నేరుగా అడిగింది.

"మాస్టర్, మనం పెండ్లి చేసుకుందామా?"

రామాంజనేయులు తల అడ్డంగా ఊపినాడు. "వద్దు మేడమ్. పొద్దున మీరు చెప్పిన మాట మధ్యాహ్నానికి నాకాడ ఉండదు. రేపు బిడ్డ పుట్టినా మరచిపోతానేమో. మీకెందుకు ఆ కష్టం?"

ఆయన పోయి తానుల మీద పడుకుని గోడదిక్కు తిరుక్కున్నాడు.

కునుకు పట్టిందంటే ఆ వద్దు అట్లే నిలిచిపోతాది. ఆపొద్దు చూస్తే కరెంటు పోలేదు, ఫ్యాను జోరుగా తిరుగుతానే ఉండాది. సరళ లేచి గోడకున్న ఫ్యూజు మీద చెయ్యి పెట్టింది. పీకితే చాలు, ఆ వద్దు తుడిచిపెట్టుకుపోతాది. రోంతసేపు అట్లే నిలబడి, చెయ్యి తీసేసింది. తనకు నచ్చినా నచ్చకున్నా అది ఆయన మాట. వచ్చి కుర్చీలో కూర్చుంది.

అప్పుడు ఫ్యాను దానంతట అదే నిదానించి నిలిచిపోయింది. వీధిలో హనుమంతరాయుడి కేక వినపడింది.

ఇంకా కునుకు పట్టని రామాంజనేయులు లేచి కూర్చున్నాడు. "ఎంతసేపైంది మేడమ్ నేనొచ్చి?"

దాచేదానికి ఆమెకు మనసొప్పలేదు. "పెండ్లి చేసుకుందామా అని నేనడిగితిని. మీరు వద్దంటిరి."

"నేనా? ఎందుకంట?"

"మరచిపోతారంట. నాకు కష్టమంట."

ఆయన ఎవరో ముక్కూమొగం తెలియనోళ్ళ సంగతి విన్నట్ల ఆలోచించినాడు. "ఇన్ని దినాలు మళ్ళీ మళ్ళీ చెప్పినారే, కష్టమనిపించిందా?"

"లేదు."

"అయితే వాడెవడో తిక్కమాట మాట్లాడినాడు మేడమ్. చేసుకుందాం."

అని గబగబా మళ్ళీ పడుకున్నాడు, ఈసారి ఆమె దిక్కు తిరిగి. సంతోషానికి నిద్ర ఒక పట్టాన రాదే. సరళ అట్ట తీసుకుని విసురుతా కూర్చుంది. ఆయన కండ్లు మూతపడతాండగా మెట్ల మీద సాయంత్రం బ్యాచ్ వాళ్ళ చెప్పుల చప్పుడు వినపడింది. ఆమె తలుపు కాడికి పోయి వేలు పెదవుల మీద పెట్టుకుంది.

"రోంతసేపు ఆడే ఉండండప్పా. లోపల సేవ్ అవుతాండాది."

వాళ్ళు చెప్పులు చేత పట్టుకుని మెట్ల మీదే కూర్చున్నారు.