తొక్కల మేడం

కీరకాయకు చెక్కు ఎక్కడైనా నారంత మిగిలినా అత్తగారు ఆ ముక్కను తీసి పళ్ళెం అంచున పెట్టేవారు. మాట అనేవారు కాదు, అలా పెట్టడమే ఆవిడ మాట. భర్త అయితే నోరు తెరిచే చెప్పేవాడు, పశువులు తినేది నాకు పెట్టకు అని. కాబట్టి పొద్దున్నే ఆరింటికి ఆమె బంగాళాదుంపలు, క్యారెట్లు, కీరకాయలు ముందేసుకుని చెక్కు తీసేది. ఎనిమిదింటికి ఆస్పత్రికి వెళ్ళి, వచ్చినవాళ్ళందరికీ చెక్కు తీయొద్దని చెప్పేది.

ఆమె ఉద్యోగమే అది, షుగరు రోగులకు ఏం తినాలో చెప్పడం. పీచు చాలావరకు తొక్కలోనే ఉంటుంది, అన్నం తిన్నాక చక్కెర ఒక్కసారిగా ఎగబాకకుండా ఆ పీచే పట్టి ఉంచుతుంది, బాగా రుద్ది కడుక్కుంటే చాలు, పచ్చబారిన బంగాళాదుంప మాత్రం వద్దు. పన్నెండేళ్ళుగా ఇదే పాట. రోగులు తొక్కల మేడం అని పేరు పెట్టి నవ్వుకున్నారు, నవ్వుకుంటూనే తిన్నారు, కుదుటపడ్డారు కూడా. ఇంట్లో ఉన్న రోగికే చెవికెక్కలేదు. భర్తకు షుగరు వచ్చి నాలుగేళ్ళు. ఆమె చెప్పి చూసింది, బతిమాలింది, ఒకసారి ఏడ్చింది కూడా. నీ పాఠాలు ఆస్పత్రిలో చెప్పుకో, ఇంట్లో వంట చెయ్యి అన్నాడు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. పెరటి చెట్టుకైనా రోజూ ఇన్ని నీళ్ళు పోస్తారు.

కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయని ఒకరోజు ఆయన పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. వెళ్ళింది ఆమె పనిచేసే ఆస్పత్రికే, ఆమె గది దాటుకునే. వస్తూ అక్కడ రోగులకు పంచే ఒక అచ్చు కాగితం తెచ్చి వంటింటి తలుపుకు అతికించాడు.

"చూడు, డాక్టరుగారు ఎంత చక్కగా చెప్పారో. కూరగాయలు తొక్కతోనే తినాలట. ఇన్నాళ్ళూ చెక్కు తీసి తీసి నన్నీ గతికి తెచ్చావు. ఆస్పత్రిలో పనిచేస్తావు, ఆ మాత్రం తెలీదా?"

ఆమె కాగితం చదివింది. అందులో ప్రతి వాక్యం ఆమెదే. రెండేళ్ళ కిందట ఇదే వంటింట్లో, కుక్కరు కూతల మధ్య కూర్చుని రాసింది. కింద పెద్ద డాక్టరు సంతకం ఒక్కటే ఉంది. ఇది నేను రాసిందేనండీ అని నోటిదాకా వచ్చింది. అంటే ఏమవుతుందో కూడా తెలుసు. కాగితం తలుపు దిగుతుంది, తొక్కలు చెత్తబుట్టకు పోతాయి. మింగేసింది. కోపమొచ్చింది, సిగ్గేసింది, అన్నిటికంటే ఎక్కువగా దిగులేసింది. ఈ ఇంట్లో తన మాట చెల్లాలంటే అది తనదని ఎవరికీ తెలియకూడదన్నమాట.

ఆ రోజు నుంచి పని రెట్టింపైంది. ఆయనకు రుద్ది కడిగి తొక్కతో ఒక కూర, అత్తగారికి చెక్కు తీసి ఇంకో కూర. ఆయన లొట్టలేసుకుంటూ తిన్నాడు. మందుల చలవో తొక్కల చలవో, రెండు నెలల్లో అంకెలు దిగాయి. ఇంట్లో మనిషి ఉండి ఏం లాభం, ఆ డాక్టరు దేవుడు అని ఆయన ఫోనులో చెల్లెలికి చెబుతుంటే, ఆమె పక్కనే కూర్చుని క్యారెట్లు కడుగుతూ వింది.

నిన్న పెద్ద డాక్టరు ఆమె గదికి వచ్చాడు. కాగితాలు అయిపోయాయట, మళ్ళీ అచ్చుకు ఇస్తున్నారట.

"రాసింది మీరు కదా మేడం, ఈసారి మీ పేరు వేయిస్తాను. పోయినసారిలా వద్దనకండి."

పోయినసారి ఇంట్లో ఏమంటారోనని వద్దంది. ఇప్పుడు సోమవారం గుర్తొచ్చింది. ఆ రోజు ఆయన మళ్ళీ చూపించుకోవాలి. కొత్త కాగితం చేతికిస్తారు, కింద ఆమె పేరు చూస్తాడు. ఆ పూట నుంచి ఆయన పళ్ళెంలో తొక్క ఉండదు. అంకెలు మళ్ళీ ఎక్కుతాయి, కాళ్ళు మళ్ళీ తిమ్మిరెక్కుతాయి, తప్పు మళ్ళీ ఆమెదే అవుతుంది. ఆయన ఒళ్ళు ఆయనది అని పెళ్ళయ్యాక మొదటిసారి అనుకుంది. అనుకున్నందుకు భయమేసింది. అయినా మనసు వెనక్కి పోలేదు.

"వేయించండి," అంది. "కళ్ళజోడు లేకపోయినా కనిపించేంత పెద్దగా."