మా ఆయన మెడ, నా మోటారు

మా ఆయన కెమెరా నా మోటారు మీద చాడీలు చెప్పింది. అంతరిక్షానికి వెళ్లబోయే టెలిస్కోపులో ఒకే చల్లని పెట్టె ఉంటుంది. అందులో కెమెరా ఆయనది, స్పెక్ట్రోమీటరు నాది. ఎక్కడో దూరాన ఉన్న ధూళిమేఘాల వేడిని ఆయన కెమెరా ఫొటో తీస్తుంది. ఆ వేడినే నా పరికరం రంగులుగా విడదీసి, మేఘంలో ఏముందో చెబుతుంది. రంగు మార్చాలంటే ఒక చక్రం తిరగాలి. దాన్ని తిప్పే బొటనవేలంత మోటారును ఏళ్ల తరబడి కన్నబిడ్డలా సాకాను.

పరీక్షల్లో అది తిరిగినప్పుడల్లా పిసరంత వేడెక్కేది. ఆ కెమెరాకు వేడే వెలుగు కాబట్టి బొమ్మంతా తెల్లగా అయిపోయేది. ఆ సంగతి మా ఆయన ఇంట్లో నా చెవిన వేయకుండా నేరుగా మీటింగులో చెప్పాడు. సోమవారంలోగా దారి చూపకపోతే స్పెక్ట్రోమీటరు తీసేసి కెమెరా ఒక్కదాన్నే పంపుతామని డైరెక్టరుగారు తేల్చేశారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ వారమంతా ఆయనతో అవసరమైనంత వరకే మాట్లాడాను.

ఆయన మాత్రం నా మోటారు చుట్టూ వేడి ఆపే రకరకాల రేకులు కట్టి చూస్తూ, పరీక్షగది కుర్చీలోనే కునుకు తీశాడు. ఆదివారం పొద్దున మెడ పట్టేసి ఇంటికొచ్చాడు. మా పాప పిలిస్తే తల తిప్పలేక మనిషంతా అటు తిరిగాడు. నేను పిలిస్తే మళ్లీ మనిషంతా ఇటు తిరిగాడు. పాపకి అదో ఆటయిపోయింది. మూలమూలకీ పరుగెత్తి పిలవసాగింది. నా కోపం ఎటు పోయిందో గానీ నవ్వాపుకోలేకపోయాను.

"నవ్వు, నవ్వు. నీ మోటారు కోసమే నాకీ గతి," అన్నాడు.

నవ్వుతున్నదాన్నల్లా ఆగిపోయాను. మెడ తిరక్కపోయినా ఈ మనిషి గదిలో అన్నీ చూస్తూనే ఉన్నాడు.

"ఇంకోసారి తిరగండి, నెమ్మదిగా," అన్నాను.

చక్రం తీసేసి, రంగుకో గడి ఉన్న పలకను కదలకుండా బిగిస్తే చాలు. టెలిస్కోపే కొంచెం కొంచెంగా పక్కకు తిరిగితే మేఘం కాంతి ఒక్కో గడి మీదా వరసగా పడుతుంది. దాన్ని తిప్పే యంత్రాలు ఎలాగూ ఉన్నాయి, అవి చల్లని పెట్టెకు చాలా దూరం. నాకు గంతులేయాలనిపించింది. మోటారుతో ఇక పని లేదని తట్టగానే గుండె కలుక్కుమంది కూడా.

"పాపం, నీ మోటారు," అన్నాడాయన, నేను చెప్పిందంతా విని.

దాని గురించి ఆయన మాట్లాడక్కర్లేదని అన్నాను గానీ, కాపడం పెట్టడానికి నీళ్లు మాత్రం నేనే కాచాను.

సోమవారం డైరెక్టరుగారు లెక్కలన్నీ చూసి, అంతరిక్షంలో పరికరంలో ఏదైనా ఇరుక్కుపోతే ఎవరెళ్లి బాగుచేస్తారని ఎప్పటిలాగే అడిగారు.

"ఇరుక్కోవడానికి లోపల తిరిగేదేమీ లేదండీ," అన్నాను.

ఆవిడ మరోసారి కాగితాలు తిరగేసి, స్పెక్ట్రోమీటరు ఉంటుందని చెప్పారు. ఆపైన ఈ ఆలోచన ఎలా వచ్చిందని అడిగారు. నేను మా ఆయన్ని పిలిచాను. మూల కూర్చున్న ఆయన కుర్చీతో సహా మావైపు తిరిగాడు.