రేడియో పెంచకు

సాంటో డొమింగోలో మా ఉమ్మడి వాకిలి చుట్టూ ఆరిళ్లు. ఒకరింట్లో గొడవైతే మిగతావాళ్లు రేడియో పెంచుతారు. అది మా మర్యాద. చెక్కగోడ అవతల విల్టన్ గొంతు లేవగానే నేనూ బచాతా పాట పెంచేసి కందికాయలు ఒలుచుకుంటూ కూర్చునేదాన్ని. వాడి పెళ్లాం యొకాస్తా పరువు కాపాడుతున్నానని నా మీద నాకు బోలెడు గౌరవం కూడానూ.

నిన్న పొద్దున ఆ పిల్ల గిన్నె పట్టుకుని పంచదారకి వచ్చింది. దవడ వాచిపోయి ఉంది.

"మెట్ల మీద పడ్డావా ఏంటే?" అన్నాను. మా ఇళ్లకు మెట్లే లేవు.

"మిరేయా అక్కా, ఒక్క మాట. నువ్వు రేడియో పెంచకు."

"పిచ్చిదానా, నీ ఏడుపు నలుగురికీ వినపడకూడదనే గదే!"

"ఆయనా అదే అంటాడు. నా జుట్టు పట్టుకుని నీ పాట కోసం ఆగుతాడు. మోగగానే, 'ఇంక అరుచుకో' అంటాడు."

పంచదార తీసుకుని వెళ్లిపోయింది.

ఇవాళ మధ్యాహ్నం అన్నం దించుతుంటే విల్టన్ గొంతు లేచింది. నా చెయ్యి అలవాటుగా రేడియో మీదికి పోయింది. ఈసారి కట్టేశాను. గోడ అవతల వాడూ ఆగాడు. పాట కోసం చూస్తున్నాడు.

ఎదురింటి ఎనెయిదా పిన్ని కిటికీలోంచి కేకేసింది. "ఒసేయ్ మిరేయా, పాట పెట్టవే! అన్నీ వినపడి చస్తున్నాయ్!"

"వినపడాలనే ఆపాను పిన్నీ!"

"మొగుడూ పెళ్లాల గొడవ మనకెందుకే తల్లీ!"

కిటికీ మూసి తన రేడియో పెంచింది. అదే బచాతా. గోడ అవతల విల్టన్, "ఇంక అరుచుకో" అన్నాడు.

వాడంటే నాకు భయమే. అయినా ఖాళీ గిన్నె పట్టుకుని వెళ్లి వాడి తలుపు బాదాను.

"ఎవరది?"

"మిరేయాని. పంచదార కావాలి."

"ఇప్పుడు కుదరదు, పో!"

"ఇచ్చేదాకా కదలను. యొకాస్తా, ఇక్కడే ఉన్నానే! వినపడుతోందా?"

లోపల చప్పుడు ఆగింది. పాట హోరులో ఇంకేమీ తెలియక తలుపుకు చెవి ఆనించాను. చాలాసేపటికి, నేల దగ్గర నుంచి, ఆ పిల్ల గొంతు వచ్చింది.

"వినపడుతోందక్కా. వెళ్లిపోకు."