పదకొండో హోల్ పక్కన సమాధి

యాంగోన్ శివార్లలో మింగళాడోన్ దాటాక ఉన్న ఆ గోల్ఫ్ రిసార్టుకు ఎలీజా మొదటిసారి వెళ్లింది వాళ్ల నాన్న సమాధి చూసుకోవడానికి. ఎడ్విన్ రాజు సేక్కాన్ రేవులో ముప్పయ్యేళ్లు క్రేన్ నడిపిన మనిషి. ఆయన్ని పాతిపెట్టిన చర్చి స్థలం తర్వాత రిసార్టులో కలిసిపోయింది. తక్కిన సమాధుల్ని ఎవరివి వాళ్లు తరలించుకున్నారు. దూరపు ఊళ్లో నర్సుగా ఉన్న ఎలీజాకు ఆ కబురే అందలేదు. ఉద్యోగం ముగించుకుని యాంగోన్ వచ్చేసరికి ఆయనొక్కడే గోల్ఫ్ మైదానంలోని పద్దెనిమిది హోల్స్‌లో పదకొండోదాని పక్కన గడ్డిలో మిగిలిపోయాడు.

కౌంటర్లో అమ్మాయి మర్యాదగానే చెప్పింది. హోటల్‌కి, భోజనానికి ఎవరైనా రావచ్చు. కాసినో విదేశీయులకే. పెద్ద పోటీలు జరిగే గోల్ఫ్ కోర్సు మీదికి మాత్రం ఆడేవాళ్లు తప్ప ఎవరూ వెళ్లకూడదు. మేనేజరుకు మూడు ఉత్తరాలు రాసినా అదే జవాబు.

"ఇంక వదిలీ పిన్నీ," అన్నాడు అక్క కొడుకు సంజీవ్.

"ఆడినోల్లని పంపుతారంట కదా. అయితే ఆడతాను."

"అరవై రెండేల్లకి గోల్పేటి పిన్నీ?"

ఎలీజా మర్నాడే బస్సెక్కి గోల్ఫ్ నేర్పే మైదానానికి వెళ్లింది. వారం కంటే నిలవదనుకున్నాడు కోచ్. మొదట్లో కర్ర గాలినే కొట్టేది. అరచేతులు బొబ్బలెక్కితే కట్టు కట్టుకుని మళ్లీ వెళ్లింది. నాలుగు నెలలకు బంతి దూరం పోకపోయినా తిన్నగా పోవడం మొదలుపెట్టింది. ఈమెకు ఆట తెలుసని కోచ్ కాగితం మీద సంతకం చేసిచ్చాడు.

ఆ కాగితంతో, అద్దె కర్రలతో, కర్రలు మోసే మ తూజా అనే క్యాడీని వెంటబెట్టుకుని ఎలీజా కోర్సులో అడుగుపెట్టింది. మొదటి హోల్‌కే పదమూడు దెబ్బలు పట్టాయి. రెండు బంతులు చెరువులో పడ్డాయి. వెనక వచ్చిన ప్రతి జట్టుకూ దారిచ్చి పక్కన నిలబడింది. పదో హోల్ దగ్గరికి వచ్చేసరికి ఎండ నెత్తిమీదికొచ్చింది, మోకాళ్లు లాగేస్తున్నాయి. అప్పుడు పర్యవేక్షకుడు బండిలో వచ్చి, ఆట చాలా నెమ్మదిగా ఉందనీ, మిగతావి వదిలేసి వెళ్లిపొమ్మనీ చెప్పాడు.

ఎలీజా బర్మీస్‌లోనే బదులిచ్చింది. "ఎవరికీ అడ్డు రాను బాబూ. పదకొండోది ఆడకుండా మాత్రం వెళ్లను."

అక్కడేముందని అడిగాడతను.

"మా నాన్న."

అతను ఆమె చేతుల కట్లవైపు చూశాడు. తర్వాత బండి వెనక్కి తిప్పి, రాబోయే జట్టును పదో హోల్ దగ్గరే ఆపి ఉంచాడు.

సమాధి రాయి ఒక పక్కకి ఒరిగింది, అక్షరాల్లో నాచు పట్టింది. మ తూజా తుండుగుడ్డ తడిపి ఇచ్చి, తను కలుపు పీకింది. నాన్న పేరు తెలుగులో, బర్మీస్‌లో బయటపడేదాకా ఎలీజా తుడిచింది. తలమీద చెంగు కప్పుకుని ప్రార్థన చేసింది.

"ఆలీసమైపోనాది నాన్నా," అంది మెల్లగా.

వెనక్కి వెళ్లిపోదామా అని అడిగింది మ తూజా. ఎలీజా మోకాళ్లు పట్టుకుని లేచి, గడ్డిలో తన బంతి ఎక్కడుందో వెతుక్కుంది. ఈ పదకొండోది ముగించాక ఇంకా ఏడు హోల్స్ ఉన్నాయి. అన్నీ ఆడింది.

వారం తర్వాత మేనేజరు కబురుపెట్టాడు. ఇకమీదట ఆడనక్కర్లేదు, చెబితే చాలు, బండిలో సమాధి దాకా తీసుకెళ్తారట. ఎలీజా కృతజ్ఞతలు చెప్పింది. చెప్పి, వచ్చే నెల మొదటి శనివారం ఆటకు తన పేరు రాసుకోమంది.