పద్మం ఎటువైపు

నేను ఒక గడపని. నాకు కళ్ళు లేవు. మీ ముఖాలు ఎలా ఉంటాయో ఎరగను. అడుగు బరువు తెలుస్తుంది, తడి తెలుస్తుంది, చేతి వేడి తెలుస్తుంది, మాట వినబడుతుంది. ఒక ఇంటి సంగతి తెలుసుకోవడానికి అంతకంటే ఎక్కువ అక్కర్లేదు.

కొండవాలున ఎదిగిన వేగిస చెట్టు మొదట్లో నేను ఉండేదాన్ని. నన్ను కోసి, ఆరబెట్టి, చిత్రిక పట్టిన వడ్రంగి మాటలు తక్కువ మనిషి. ఒక అంచున తలుపు రెక్క ఆనడానికి గాడి తీశాడు. రెండో అంచున ఎనిమిది రేకుల పద్మం చెక్కాడు. ఇల్లు కట్టించుకుంటున్న షావుకారుతో ఒక్క ముక్క చెప్పాడు. "గాడి ఇంట్లోకి బాబూ, పద్మం ఈదిలోకి." ఆ ఒక్క ముక్కే నా జాతకం.

నన్ను నిలిపిన రోజు నవధాన్యాలు పోశారు, పసుపు పూశారు, పూలు పెట్టారు, దండం పెట్టారు. మనుషులు నాకు దండం ఎందుకు పెడతారో చాలాకాలం అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. నేను లోపలివాళ్ళని లోపల, బయటివాళ్ళని బయట ఉంచుతానని వాళ్ళ నమ్మకం. నేను చెక్కని. ఎవరు లోపల, ఎవరు బయట అన్నది ఎప్పుడూ వాళ్ళే తేల్చుకుంటారు, పేరు మాత్రం నాకు పెడతారు.

షావుకారు పోయాక ఆ ఇంటి వీధివైపు వాటా అద్దెకిచ్చారు. అలా వచ్చారు గవరయ్య, పోలమ్మ. పార్వతీపురంలో రైసుమిల్లులో అతను కళాసీ. బస్తాలు మోసి మోసి అతని అడుగు ఒట్టిచేతులతో వచ్చినా బరువుగానే పడేది. ఆమె అడుగు తేలిక. పిల్లలు లేరు. శుక్రవారం పొద్దున్నే పోలమ్మ నన్ను కడిగి పసుపు రాసేది. మూడు వేళ్ళతో, ఎడమ నుంచి కుడికి, ఒక్క ఊపున. పద్మం రేకుల సందుల్లోకి చిటికెన వేలు పోనిచ్చి మరీ రాసేది. ఇల్లు ఆమెది కాదు. ఆ సంగతి ఆమె చేతికి తెలియదు.

"కాళ్ళు కడుక్కుని రా. ఇది మిల్లు కాదు," అనేది మొగుడితో రోజూ.

"మిల్లే నయం. అక్కడ కాళ్ళడగరు," అనేవాడు అతను, కడుక్కునేవాడు.

తర్వాత ఆమెకి జబ్బు చేసింది. పెద్దాసుపత్రి వాళ్ళు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆ అడుగు నా మీద పడటం మానేసింది. ఒకనాటి మధ్యాహ్నం ఊపిరి ఎగదన్నింది. వెనక వాటాలో ఉండే ఇంటావిడ, షావుకారు పెళ్ళాం, పంతులుగారిని అడిగించింది. నక్షత్రం మంచిది కాదన్నారట. లోపల ప్రాణం పోతే ఇల్లు ఆరునెలలు పాడుపెట్టాలి. ఇంటావిడ చెడ్డమనిషి కాదు, ఇది చెప్పాలి. చేతిలో మంచినీళ్ళ గ్లాసు పట్టుకునే వచ్చింది. ఏడుస్తూనే చెప్పింది. ఆరునెలలు అందరం ఎక్కడికి పోతాం గవరయ్యా, కొంచెంసేపు వేపచెట్టు కిందకి, నీడగానే ఉంటుంది అంది.

దుప్పటికి నాలుగు మూలలా నలుగురు పట్టారు. తలవైపు గవరయ్య. దుప్పటి నేలకి దగ్గరగా వేలాడుతూ నన్ను దాటింది. అంతా దాటిపోయిందనుకున్నప్పుడు ఆమె చెయ్యి జారి నా మీద పడింది. పద్మం అంచుని పట్టుకుంది. దుప్పటి ఆగిపోయింది.

"ఏటయ్యా," అంది. గొంతు గాలిలా ఉంది. "నన్ను బయటెట్టేస్తన్నావా?"

ఎవరో వంగి ఒక్కొక్క వేలూ విడదీశారు. దీపాలు పెట్టే వేళకి వీధిలో, వేపచెట్టు కింద ఆమె పోయింది.

ఆ తర్వాత గవరయ్య ఆ వాటాలో ఉండలేదు. ఇంటావిడ కూడా ఎక్కువకాలం లేదు. ఆమె పోయింది ఆసుపత్రిలోనే కాబట్టి ఇంటికి ఏ దోషమూ రాలేదు. అంత జాగ్రత్తగా కాచుకున్న ఇంటిని కొడుకులు పడగొట్టించి మేడ లేపారు. కలపలో మంచిదంతా ఎవరెవరో పట్టుకుపోయారు. గవరయ్య వచ్చి నన్నొక్కదాన్ని అడిగాడు. తీసుకుపొమ్మన్నారు. బస్సు టాపు మీద కొండ కిందదాకా, అక్కణ్ణించి అతని భుజం మీద. ఆ భుజం బస్తాలకి అలవాటు పడినది. నన్ను మాత్రం దారిలో ఎక్కడా దించలేదు.

అక్కడ అతనికి తాతనాటి జీడిమామిడి తోట ముక్క ఉంది. ఊరికి ఎడంగా, వాగు పక్కన. ఆ వాగునే అక్కడ గెడ్డ అంటారు. కరెంటు స్తంభం లేదు, కుళాయి లేదు, బండి వెళ్ళే దారి లేదు. మేస్త్రీని పిలవలేదు. నేల మీద వెల్లకిలా పడుకుని తలదగ్గర ఒక గీత, కాళ్ళదగ్గర ఒక గీత గీసుకున్నాడు. పక్కన ఇంకొక మనిషి పడుకునేంత చోటు వదిలి అక్కడ ఇంకో గీత గీశాడు. అదే ఇల్లు. గెడ్డ మట్టిలో గడ్డి తొక్కి గోడలు పెట్టాడు. పైన తాటాకు. తుమ్మదుంగలు రెండు గుమ్మానికి నిలబెట్టి, వాటి మధ్య నన్ను వేశాడు. చూడటానికి వచ్చిన ఊరివాళ్ళు నవ్వారు. ఇందులో ఆవలిస్తే చేతులు గోడలకి తగుల్తాయి అన్నారు. గవరయ్య తనకి ఆవలింతలు రావన్నాడు.

తలుపు బిగించే రోజున పేచీ వచ్చింది. రెక్క ఎంత తోసినా లోపల ఆనలేదు. గాడి లోపల లేదు. అతను నన్ను తిరగేసి పెట్టాడు. పద్మం ఇంట్లోకి, గాడి తోటలోకి. బస్తాలు మోసినవాడికి ఇది ఎలా తెలుస్తుంది? అందమైన వైపు తనకి కనబడాలనుకున్నాడు, అంతే. తలుపు లోపలికి ఆనడం లేదు కాబట్టి బయటికి తెరుచుకునేలా తగిలించుకుని ఊరుకున్నాడు.

బతుకు బాగానే అమరింది. గెడ్డనీళ్ళు, చోడి అంబలి, పెరట్లో ఆనప పాదు. వానాకాలం తాటాకు చూరు కింద కుండలు పెట్టి నీళ్ళు పట్టుకునేవాడు. కానుగ గింజలు ఏరి ఊళ్ళో గానుగ ఆడించి నూనె తెచ్చుకునేవాడు. కొండమీద గూడేనికి తీగలు లాగుతున్నవాళ్ళు వచ్చి నీకూ ఒక స్తంభం వేస్తాం తాతా అన్నారు. అతను వద్దన్నాడు. ఎందుకని అడిగితే, మా ఆవిడకి దీపమే గుర్తు అన్నాడు. వాళ్ళు తొందరగా వెళ్ళిపోయారు.

అతను ఇల్లు కట్టింది ఆమె కోసమే. రోజూ పొద్దు వాలే వేళకి నా మీద కానుగనూనె దీపం పెట్టి, తలుపు బారగా తీసి, గది మధ్యలో బయటివైపు ముఖం పెట్టి కూచునేవాడు. "లోపలికి రా పోలీ. ఇది మనదే. ఇక్కడ నిన్నెవరూ బయటెట్టరు," అనేవాడు. తర్వాత చీకటి చిక్కబడేదాకా బయటికే చూస్తూ ఉండేవాడు. ఆమె రాలేదనుకునే ప్రతిరోజూ దీపం తీసేవాడు.

ఆమె వచ్చేది. దీపం పెట్టగానే పద్మం మీద తడి తగిలేది. మూడు వేళ్ళు, ఎడమ నుంచి కుడికి. చిటికెన వేలు రేకుల సందుల్లో. వేడి లేని చెయ్యి. ఆమెని ఆనాడు దించింది పద్మం ఉన్న పక్క. వదిలినచోటికే ఆమె వచ్చింది. అయితే ఇప్పుడు పద్మం ఉన్నది గదిలో. అతను తోటకేసి చూస్తూ పిలుస్తున్నాడు. ఆమె అతని మోకాలికి జానెడు దూరంలో వంగి ఉంది. అతనేమో దీపం దాటి బయటికి తప్ప ఎటూ చూడడు. నాకు నోరు లేదు. ఎన్ని వానాకాలాలు అలా గడిచాయో.

ఒక వేసవిలో ఆమె తమ్ముడు సూరప్పడు వచ్చాడు. విశాఖపట్నంలో తలుపులు చేసే కొట్టులో పని అతనికి. బావకి దగ్గు ముదిరిందని విని, తనతో తీసుకుపోదామని వచ్చాడు. వస్తూనే తలుపు లోపలికి తోయబోయి, బావ లోపలినుంచి తెరవగానే అది తన మీదికే రావడంతో వెనక్కి తగ్గాడు.

"ఇదేటి బావా, ఇల్లే నన్ను తోసేస్తంది."

వంగి నన్ను తడిమాడు. అలవాటున్న చెయ్యి. గాడి బయట దొరికింది. నవ్వాడు.

"గడప తిరగేసెట్టినావు. దీని లెక్కన నువ్వు ఇన్నాళ్ళూ ఈదిలో తొంగుంటన్నావు. గునపం ఇటు తే, సిటికెలో తిప్పేస్తాను." ఇంట్లోకి అడుగు వేసి, ఈసారి పద్మం తడిమాడు. చెయ్యి ఆగింది. "పసుపు నువ్వే రాస్తన్నావేటి? తడి ఆరనేదు."

గవరయ్య రాయలేదు. ఇంట్లో పసుపే లేదు. అతను వచ్చి నా పక్కన కూలబడ్డాడు. ఊపిరి నాకు తగిలింది. అడిగాడు.

"ఒరే సూరప్పడూ. దీనికి బయట ఏటి?"

"పద్మమున్న పక్క బయట."

"మీ అప్పని నేను దించింది ఆ పక్కే."

సూరప్పడు పద్మం మీంచి చెయ్యి తీసేశాడు. తమ్ముడు కదా, అతనికి విడమర్చి చెప్పక్కర్లేదు. అయినా అలవాటు కొద్దీ గునపం కోసం చూశాడు.

"తిప్పెయ్యమంటావా?" అన్నాడు మెల్లిగా.

"ఒకపాలి బయటెట్టినాను," అన్నాడు గవరయ్య. "మళ్ళీ ఎట్టనేను."

ఆ సాయంత్రం దీపం పెట్టాక గవరయ్య తలుపు మూసేశాడు. బయటికి వీపు పెట్టి, నాకేసి కాదు, గదికేసి కూచున్నాడు. ఏమీ పిలవలేదు. కుండలోంచి రెండు మూకుళ్ళలో అంబలి పోశాడు. సూరప్పడికి ఒకటి ఇవ్వబోతాడేమోననుకున్నాను. ఇవ్వలేదు. సూరప్పడు తనే లేచి పోసుకున్నాడు.

విశాఖ ప్రయాణం మాట మళ్ళీ రాలేదు. ఆ శుక్రవారం నుంచి గవరయ్య ఊళ్ళోంచి పసుపు తెచ్చి తనే రాయడం మొదలుపెట్టాడు. చేతకాదు. గోడకి మట్టి మెత్తినట్టు అరచెయ్యంతా పెట్టి మెత్తేవాడు. పద్మం పూడిపోయేది. సాయంత్రం మూడు వేళ్ళు వచ్చి దాన్ని సరిచేసేవి.

దగ్గు అతన్ని తీసుకుపోయే రోజుకి సూరప్పడు అక్కడే ఉన్నాడు. ఊరివాళ్ళు నలుగురు వచ్చారు. వాళ్ళకీ పంచాంగం చూపించుకునే అలవాటు ఉంది. రోజు మంచిది కాదు, ఊపిరి ఉండగానే జీడిచెట్టు కిందకి దించుదాం అన్నారు. ఇల్లు పాడుపెట్టాల్సి వస్తే ఎవరికి నష్టమో ఎవరూ ఆలోచించలేదు. ఆ ఇంట్లో ఉండబోయేవాడు ఎవడూ లేడు.

సూరప్పడు వచ్చి నా మీద కూచున్నాడు. గడప మీద కూచోకూడదని వాళ్ళమ్మ చిన్నప్పుడు వీపు మీద కొట్టి చెప్పే ఉంటుంది. రెండు చేతులూ రెండు తుమ్మదుంగలకి ఆనించి కూచున్నాడు.

"నన్ను దాటి తీసుకుపొండి," అన్నాడు.

ఎవరూ దాటలేదు. గవరయ్య లోపలే పోయాడు. తర్వాత మోసుకెళ్ళింది చాలా తేలికైన బరువు. మనిషి అందులో లేడని నాకు తెలుసు, ఎందుకంటే ఆ బరువుగా పడే అడుగు నన్ను దాటలేదు.

ఇప్పుడు తాటాకు లేదు. గోడలు వానలకి కరిగి మళ్ళీ గెడ్డ మట్టయ్యాయి. లోపలేదో బయటేదో చెప్పడానికి నేనొక్కదాన్నే మిగిలాను, నేనూ తిరగబడే ఉన్నాను. జీడిపిక్కలు ఏరుకునేవాళ్ళు తోటలోంచి తోటలోకి నన్ను దాటుతూ, ఎందుకో ఒక్క క్షణం ఆగి చెప్పులు విప్పుతారు. మేకలు మాత్రం పద్మం వైపు రావు, చుట్టు తిరిగి పోతాయి.

పొద్దు వాలగానే తడి తగులుతుంది. ముందు అరచెయ్యంత, ముద్దగా, చేతకాని పూత. దాని వెనకాలే మూడు వేళ్ళు వస్తాయి, ఎడమ నుంచి కుడికి, సరిచేసుకుంటూ.