గెలిచినవాడి బీగంచెవి

ఆకురాయి కింద ఇత్తడి పొడి రాలుతోంది. గురప్ప కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, పళ్ళు దిద్దిన బీగంచెవిని వెలుతురుకి పెట్టి చూశాడు. చిత్తూరు బస్టాండు గోడకి ఆనించిన చిన్న బంకులో ఇరవై ఏళ్ళుగా ఇదే పని, పోయిన తాళంచెవులకు మారువి చెయ్యడం. అరవై దాటినా చేతులు వణకవు. ఎడమ బొటనవేలికి గోరు లేదు. అది సిపాయిగా వెళ్ళిన డెబ్భై ఒకటి యుద్ధంలో పోయింది.

వెనక బస్టాండు గోడకే కొట్టిన మేకుకి ఒక బీగంచెవి విడిగా వేలాడుతుంది. నీలం దారం కట్టిన పాత ఇనపది. పనికిరానివన్నీ పాతసామాన్ల వాడికి వేసే మనిషి, దాన్ని మాత్రం ఎవరినీ ముట్టనివ్వడు. బీగం ఎక్కడో ఒకచోట ఉన్నంతవరకు దాని చెవిని పారెయ్యకూడదని ఆయన పట్టుదల.

పదింటికి వార్డు నాయకుడు కుప్పుస్వామి వచ్చాడు. కార్గిల్ గెలిచిన ఊపులో ఊరంతా మూడు రంగుల కాగితాలే. సాయంత్రం సభలో పాత సిపాయికి శాలువా కప్పుతారట.

"గురప్పన్నా, మైకులో ఒక్క మాట సెప్పాల. డెబ్భై ఒకట్లో పట్టుకున్న నేల సంధి పేరుతో తిరిగిచ్చి తప్పు జేసినారని. నువ్వు సెప్తే జనం నమ్ముతారు. బంకు తీసెయ్యమని మున్సిపాలిటీ నోటీసు వచ్చిండాది గదా, దాన్ని నేను సూసుకుంటా."

"సూస్తాంలేప్పా" అన్నాడు గురప్ప.

గడువు మూడు రోజులే. బంకు పోతే పూతలపట్టులో ఇంటి దగ్గరున్న భార్య జ్ఞానాంబకి ఏం చెప్పాలో ఆయనకి తోచలేదు. మధ్యాహ్నం సద్ది సగం వదిలేశాడు.

నాలుగింటికి ఆ బీగంచెవి జేబులో వేసుకుని గాంధీ బొమ్మ దగ్గర వేదికెక్కాడు. సిపాయిలు గెలిచి తెచ్చినదాన్ని పెద్దలు సంతకం పెట్టి పోగొట్టారని కుప్పుస్వామి గొంతు చించుకున్నాడు. శాలువా కప్పి మైకు అందించాడు.

గురప్ప జేబులోంచి బీగంచెవిని తీసి పైకెత్తాడు.

"సరిహద్దు అవతల మేం పట్టుకున్న ఊర్లో ఏడాది కాపలా కాసినాను. జనమంతా ఎలబారి పోయిండారు. ఒకిల్లు తలుపులు బార్లా తెరిసుండాది. లోపల ఉయ్యాల, తిరగలి. కుక్కలు దూరతాయని నా ట్రంకుపెట్టె బీగం తీసి ఏసినా. సంధి అయినంక ఊరు ఇచ్చేసినాము. లారీ ఎక్కి సూస్తే సెవి నా జోబీలోనే ఉండాది. ఊరిచ్చి, ఇంటికి బీగమేసి వచ్చినానప్పా! జరిగిన తప్పు ఇదొకటే. అదీ నాది. నేల ఇచ్చింది తప్పు గాదు. ఓడినోడి దగ్గర ఇచ్చేదానికి ఏముంటాది? గెల్చినాం గాబట్టే ఇచ్చినాం!"

వెనక నుంచి మామిడి మండీ హమాలీల ఈల ఒకటి లేచింది. దాంతో సభంతా చప్పట్లు. కుప్పుస్వామికీ కొట్టక తప్పలేదు. హమాలీలు గురప్పని భుజాలకెత్తుకుని బస్టాండు దాకా ఊరేగించారు. అంత ఎత్తునుంచి ఆయన ఆ వీధిని ఎప్పుడూ చూడలేదు. సిగ్గుపడకుండా ఏడ్చాడు, నవ్వాడు.

బీగంచెవిని మేకుకి తగిలించి, బంకు మూసి, బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. "పూతలపట్టులో లేపప్పా, ఈ పొద్దు బాగా నిద్దరొస్తాది" అని కండక్టరుకి చెప్పాడు.

పూతలపట్టులో కండక్టరు రెండుసార్లు పిలిచాడు. మూడోసారి భుజం తట్టాడు. గురప్ప లేవలేదు. శాలువా భుజాల మీద సర్దినట్టే ఉంది.

మూడోరోజు మున్సిపాలిటీవాళ్ళు బంకు తీసుకుపోయారు. బస్టాండు గోడ మీద తెల్లగా మిగిలిన చోట మేకు అలాగే ఉంది, దానికి నీలం దారంతో ఆ బీగంచెవి.